బ్రేకులో పోతున్న పెట్రోలు: కొమ్మాది నుంచి గాజువాక దాకా ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 1, 2025, ఆదివారం

మా తమ్ముడు రెండేళ్ల కిందట హైబ్రిడ్ కారు కొన్నాడు, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, కరెంటు మోటారు కూడా ఉండే బండి. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు కలిసినా నాకు ఒకటే సలహా, ఆ పాత బండి ఇచ్చేసి నువ్వు కూడా హైబ్రిడ్ తీసుకో అని. నాది 2014 నాటి చిన్న పెట్రోలు కారు, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు దాటింది. ఇల్లు కొమ్మాదిలో, ఆఫీసు గాజువాకలో, మీటరు ప్రకారం పోను 27, రాను 27. ఆఫీసు తిరుగుడే నెలకు పన్నెండు వందల కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. విశాఖలో లీటరు 108 రూపాయల పైమాటే కాబట్టి డబ్బు సంగతి ఎలాగూ ఉంది. కానీ నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇంకొకటి. సాయంత్రం ఆరింటికి దారిలోని ఎన్ఏడీ జంక్షన్ దగ్గర అద్దం దించితే లోపలికి కొట్టే పొగ. అందులో నా వాటా కూడా ఉంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది కాబట్టి, పోసిన పెట్రోలు బరువుకు మూడింతలు అన్నమాట.

కొత్త కారుకు లక్షలు పెట్టే ముందు నాకు ఒక్క విషయం తేలాలి. నేను పోయిస్తున్న పెట్రోలు అసలు ఏ పనికి ఖర్చవుతోంది? అది తెలియకుండా బండి మారిస్తే, కుండకు చిల్లు ఎక్కడుందో చూడకుండా కొత్త కుండ తెచ్చుకున్నట్టే ఉంటుంది. అందుకే ఈ డైరీ.

పద్ధతి ఇది. ఎప్పుడూ ఒకే బంకు, ఒకే పంపు. నాజిల్ తనంతట తాను ఆగిన మొదటి క్లిక్ దగ్గరే ఆపమని చెప్పడం (బంకు కుర్రాడు లెక్క సమం చేయడానికి ఇంకో రెండు సార్లు నొక్కబోతాడు, వద్దని ముందే చెప్పాలి), వెంటనే ట్రిప్ మీటరు సున్నా చేయడం. మళ్లీ పోయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించడం. ఒక్క ట్యాంకు లెక్కను నమ్మకూడదు, కనీసం మూడు తీయాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ, అందుకని ఐదారేళ్ల కిందట వచ్చిన మైలేజీతో ఇప్పటిది పోల్చి బండిని తిట్టడం న్యాయం కాదు. నా లెక్క ఈ రోజు నుంచే మొదలు.

జూలై 6

మూడు ట్యాంకులు అయ్యాయి. 13.4, 13.9, 13.6. సగటు 13.6. ఇంత తక్కువ వస్తుందని నేను అనుకోలేదు, పదిహేను వస్తోందని అందరికీ చెబుతూ తిరిగాను ఇన్నాళ్లూ.

ఈ నెలలోనే స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు చదవడానికి ఇచ్చిన ప్లగ్గు) చిన్న బ్లూటూత్ డాంగిల్ ఒకటి పెట్టాను. ఫోన్లో యాప్ వేసుకుంటే ఇంజిన్ ఆ క్షణంలో ఎంత పెట్రోలు తాగుతోందో దాదాపుగా కనిపిస్తుంది. ఖచ్చితమైన కొలత అనుకోకూడదు, కానీ ఎక్కువ తక్కువలు తెలుసుకోవడానికి చాలు. మొదటి రోజే కళ్లు తెరుచుకున్నాయి. బండి కదలకుండా నిలబడి ఉంటే, ఏసీ లేకుండా గంటకు 0.7 లీటరు, ఏసీ వేస్తే ఒక లీటరు. మద్దిలపాలెం, సత్యం జంక్షన్, గురుద్వారా, తాటిచెట్లపాలెం, ఎన్ఏడీ, షీలానగర్, మొత్తం రోజుకు నేను నిలబడే సమయం అటూ ఇటూ కలిపి దాదాపు 28 నిమిషాలు. విశాఖ ఉక్కపోతలో ఏసీ ఆపి కూర్చోవడం కుదరదు. అంటే రోజుకు అర లీటరు దగ్గర దగ్గరగా ఒక్క అంగుళం కూడా కదలకుండానే ఖర్చవుతోంది. నెలకు పది లీటర్లు.

హైబ్రిడ్ మొదట మిగిల్చేది ఇక్కడేనని అర్థమైంది. ఆ కార్లలో ఏసీ కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది, బెల్టుతో కాదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయినా చల్లగానే ఉంటుంది. మా ఆఫీసులో ఒకరు "నా బండి కూడా హైబ్రిడ్డే మేడం, వెనక స్టిక్కర్ ఉంది చూడండి" అన్నారు. ఆయనది మైల్డ్ హైబ్రిడ్. 2015లో సియాజ్‌తో మారుతి మొదలుపెట్టిన రకం. అందులో మోటారు ఇంజిన్‌కు కాస్త సాయం పడుతుంది, సిగ్నల్ దగ్గర ఆపి మళ్లీ లేపుతుంది, అంతేగానీ ఒంటరిగా బండిని నడపలేదు. 2022లో మన దగ్గరికి వచ్చిన హోండా సిటీ ఈ:హెచ్ఈవీ, హైరైడర్, గ్రాండ్ విటారా లాంటివి స్ట్రాంగ్ హైబ్రిడ్లు, ఇంజిన్ ఆగిపోయి ఉండగా మోటారుతోనే కిలోమీటరో రెండో పోగలవు. కొనేవాళ్లు స్టిక్కర్ చూసి మోసపోకుండా ఈ ఒక్క ప్రశ్న అడగాలి: మోటారు ఒక్కటే బండిని కదిలించగలదా?

జూలై 13, ఆదివారం

ఈ రోజు రాతకంటే చేతిపని ఎక్కువ.

ముందు గాలి. డ్రైవరు తలుపు పక్కన అతికించి ఉన్న కాగితం ప్రకారం 33 ఉండాలి. ఉదయం బండి తీయకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చిన్న గేజ్‌తో చూశాను. ముందు రెండూ 29, 28. వెనక కుడి 26. వెనక ఎడమ 24. నెలనెలా కొట్టిస్తున్నాననే భ్రమలో ఉన్నాను, తీరా డైరీ తిరగేస్తే చివరిసారి ఏప్రిల్లో. పైగా ఎండలో పదిహేను కిలోమీటర్లు నడిపి వేడెక్కిన టైర్లలో కొట్టిస్తే గేజ్ ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక తగ్గిపోతుంది. అందుకే ఇక నుంచి ఇంటికి దగ్గరి టైర్ షాపులోనే, పొద్దున్నే.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. తీసి చూస్తే నల్లగా ఉంది, గాజువాక వైపు తిరిగే బండి ఏదైనా అంతే. మార్చాను. మైలేజీలో తేడా ఏమీ రాలేదు, రాదు కూడా. పాతకాలం కార్బురేటర్ బళ్లలో ఫిల్టర్ మూసుకుంటే పెట్రోలు ఎక్కువ తాగేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లో కంప్యూటర్ వచ్చిన గాలిని కొలిచి దానికి తగ్గట్టే పెట్రోలు పోస్తుంది. ఊపు తగ్గుతుంది తప్ప మైలేజీ పెద్దగా పడిపోదు. ఇంజిన్ మేలు కోసం మార్చాలి, మైలేజీ కోసం అని ఆశపడకూడదు.

అసలు దొంగను పట్టింది మా నాన్న. నాన్న విశాఖ డీజిల్ లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నేను గాలి కొట్టించుకుని రాగానే వంగి నాలుగు చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూశారు. "ఎడమ వెనకది కాలిపోతోందమ్మా, మిగతావి గోరువెచ్చగా ఉన్నాయి" అన్నారు. రైల్వేలో హాట్ యాక్సిల్ అని అంటారట, బండి ఆగగానే యాక్సిల్ పెట్టెల మీద చెయ్యి పెట్టి వేడి చూసుకోవడం ఆయనకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు.

ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టాం, హ్యాండ్ బ్రేక్ దించాం, ఎడమ వెనక వైపు జాకీ ఎక్కించాం. చక్రం చేత్తో తిప్పితే అర చుట్టు కూడా తిరగకుండా నిలిచిపోతోంది. కుడి వెనకది రెండు చుట్లు తిరిగింది. లివరు దించినా ఎడమవైపు హ్యాండ్ బ్రేక్ కేబుల్ పూర్తిగా వదలడం లేదు. కవరు తొలగించి చూస్తే లోపలి తీగ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సముద్రం గాలి పీల్చే ఊళ్లో ఇది మామూలే, అందులో నేను వారానికోసారైనా పిల్లాణ్ణి తీసుకుని రుషికొండ, భీమిలి బీచ్ రోడ్డులో తిరుగుతాను. అంటే ఎన్ని నెలలుగానో నేను ఒక కాలు బ్రేకు మీద పెట్టుకునే గాజువాక దాకా వెళ్లి వస్తున్నానన్నమాట! మెకానిక్ దగ్గర కొత్త కేబుల్ వేయించి, డ్రమ్ము విప్పించి, లైనర్లు శుభ్రం చేయించాను. నా దృష్టిలో ఈ ప్రాజెక్టు మొత్తానికి ఇదే అతి చవకైన, అతి విలువైన రిపేరు.

బండి ఉన్నవాళ్లు ఎవరైనా ఈ రోజే ఈ పరీక్ష చేసుకోవచ్చు. పది కిలోమీటర్లు నడిపి దిగి, రిమ్ముకు తగలకుండా దగ్గరగా చెయ్యి పెట్టి నాలుగింటినీ పోల్చుకోవడమే. ఒకటి మిగతా వాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ పెట్రోలు కాలుతోందని అర్థం.

జూలై 26

గాలి, కేబుల్ సరిచేశాక వచ్చిన మొదటి ట్యాంకు: 15.1. నేను బండి నడిపే తీరు ఏమీ మార్చలేదు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర నాన్నతో జరిగిన మాటలు రాసి పెట్టుకోవాలి, ఈ ప్రాజెక్టుకు దారి చూపించింది అవే. తమ్ముడి కారు గురించి చెబుతుంటే నాన్న అడ్డు తగిలారు. "ఇందులో కొత్తేముందమ్మా? మా డీజిల్ ఇంజిన్లు ఏం చేస్తాయి మరి? డీజిల్ ఇంజిన్ చక్రాన్ని తిప్పదు, ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది. ఆ కరెంటుతో ట్రాక్షన్ మోటార్లు చక్రాలను తిప్పుతాయి."

"మరి బ్రేకు వేసినప్పుడు?" అని అడిగాను.

"డైనమిక్ బ్రేక్ వేస్తే అవే మోటార్లు జనరేటర్లు అయిపోతాయి. రైలు బరువు, వేగం అంతా కరెంటు అవుతుంది. ఆ కరెంటును దాచుకునే చోటు లేదు కదా, అందుకని రెసిస్టెన్స్ గ్రిడ్ల గుండా పంపిస్తారు, అవి కాలిపోతుంటే ఫ్యాను ఆ వేడిని పైకి ఊదేస్తుంది. ఎన్ని గ్రిడ్లు మార్చానో నేను! మార్చినప్పుడల్లా అనిపించేది, ఇంత శక్తి గాల్లో కలిపేస్తున్నాం కదా అని."

ఇప్పటి త్రీ ఫేజ్ ఎలక్ట్రిక్ ఇంజిన్లు ఆ కరెంటును పైన ఉన్న తీగలోకే తిరిగి పంపిస్తాయి, అదే లైనులో ఇంకో రైలు వాడుకుంటుంది. హైబ్రిడ్ కారు తన పొట్టలోని చిన్న బ్యాటరీలో దాచుకుంటుంది. నా పాత కారు? డిస్కు, డ్రమ్ము వేడెక్కించి హైవే మీద గాలికి వదిలేస్తుంది. నాన్న గ్రిడ్లకు, నా డిస్కులకు తేడా ఏమీ లేదు.

కాగితం తీసి లెక్క వేశాను. నాతో కలిపి బండి బరువు సుమారు వెయ్యి కిలోలు. అరవై వేగంలో ఉన్నప్పుడు దాని చలనశక్తి 139 కిలోజౌళ్లు. పెట్రోలు శక్తిలో నాలుగో వంతే చక్రాలకు చేరుతుందనుకుంటే, ఆ వేగం తెప్పించడానికి 17 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. మూడు టీ చెంచాలు. అంటే అరవై నుంచి సున్నాకు బ్రేకు కొట్టిన ప్రతిసారీ మూడు చెంచాల పెట్రోలు రోడ్డు మీద పారబోసినట్టే. ముప్పై సార్లు అలా చేస్తే అర లీటరు.

ఈ లెక్క చూశాక నాకు నిద్ర పట్టలేదు.

ఆగస్టు 17

మూడు వారాలుగా నేను మార్చింది ఒక్కటే: ఎంత తక్కువ బ్రేకు వేస్తే అంత మంచిదని నడపడం. యండాడ నుంచి నాతో వచ్చే సహోద్యోగి ఒకావిడ మొదటి రోజు పక్కన కూర్చుని గీతలు గీసి లెక్కపెట్టారు, గాజువాక చేరేసరికి 41 బ్రేకులు. ఇప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడు. చేరే సమయంలో తేడా రెండు మూడు నిమిషాలు మించలేదు.

ఎలాగంటే, ముందున్న బండి వెనక లైట్లు చూడడం మానేసి దానికి ముందున్న మూడో బండిని, ఆ పైన సిగ్నల్‌ను చూస్తాను. ఎర్ర లైటు కనిపించగానే కాలు ఎక్సలరేటర్ మీద నుంచి తీసేస్తాను, గేరులోనే ఉంచి. యండాడ దాటాక జూ పార్కు ముందు నుంచి హనుమంతవాక దాకా రోడ్డు పల్లం, అక్కడ చాలా దూరం బండి తనంతట తాను పోతుంది. మొదట్లో వెనక ఆటోలు హారన్ మోగించేవి, ఎడమ లేన్లోకి జరిగాక ఆ గొడవ లేదు.

ఇక్కడ ఒక అపోహ. పల్లంలో న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందని మన దగ్గర చాలామంది గట్టి నమ్మకం, మా ఆయన కూడా నిన్నటిదాకా అదే. ఓబీడీ పెట్టి చూపించాను. గేరులో ఉంచి కాలు తీస్తే కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది, యాప్‌లో సున్నా చూపించింది, ఎందుకంటే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నాయి. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి మళ్లీ పెట్రోలు పోయాల్సి వస్తుంది, గంటకు ఆ 0.7 లీటరు. పైగా ఇంజిన్ పట్టు వదిలేస్తే బండిని ఆపడానికి బ్రేకులు తప్ప ఏమీ మిగలవు. అనంతగిరి ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. దయచేసి మానేయండి.

సెకన్లు కనిపించే సిగ్నళ్ల దగ్గర ఇరవై దాటి ఉంటే ఇంజిన్ ఆపేస్తున్నాను. పది సెకన్లు దాటి నిలబడేట్టయితే ఆపి మళ్లీ స్టార్ట్ చేయడమే లాభం.

ట్యాంకులు: 16.7, 17.2. ఇక్కడి నుంచి 17 అని తీసుకుంటున్నాను.

ఆగస్టు 23

తమ్ముడు మూడు వారాలు హైదరాబాదులో పని మీద ఉండి వచ్చాడు, మళ్లీ పది రోజులు వెళ్లాలి. "అక్కా, ఈ పది రోజులు నువ్వే నడుపు, నీ డైరీకి పనికొస్తుంది" అన్నాడు. ఎంవీపీ కాలనీ వెళ్లి బటన్ నొక్కితే ఏమీ లేదు. డ్యాష్‌బోర్డు ఒకసారి మిణుకుమని ఆరిపోయింది.

వాడికి టెన్షన్. పెద్ద బ్యాటరీ పోయిందేమో, లక్షలు అవుతాయేమో అని. కాదు. హైబ్రిడ్ కార్లలో పెద్ద బ్యాటరీతో పాటు మామూలు కార్లలో ఉన్నట్టే చిన్న 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. కంప్యూటర్లను లేపేదీ, పెద్ద బ్యాటరీ స్విచ్చులు కలిపేదీ అదే. మూడు వారాలు కదలకపోతే అది దిగిపోయింది. యజమాని పుస్తకంలో చూపించిన చోట జంపర్ కేబుల్స్ తగిలించి నా పాత బండితో ఇచ్చాం, రెండు నిమిషాల్లో లేచింది. ఊరికి వెళ్తే ఇంట్లో ఎవరైనా వారానికోసారి రెడీ లైటు వచ్చేదాకా ఆన్ చేసి అరగంట ఉంచితే చాలు.

నారింజ రంగు తీగల జోలికి మాత్రం ఎవరూ పోవద్దు, నేనూ పోలేదు. వాటిలో ఉండేది వందల వోల్టుల కరెంటు.

ఇంకో చిన్న పని చేశాను. వెనక సీటు పక్కన జల్లెడలా ఒక మూత ఉంది, అది బ్యాటరీకి చల్లగాలి వెళ్లే దారి. వాళ్ల పిల్లల టవల్ దాని మీద కప్పేసి ఉంది, లోపలి ఫిల్టర్‌కు దుమ్ము, దారపు పోగులు. మెత్తటి బ్రష్‌తో తుడిచాను. బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఉంది కదా అని దీన్ని వదిలేయకూడదు, వేడే బ్యాటరీకి పెద్ద శత్రువు.

సెప్టెంబర్ 2

పది రోజుల హైబ్రిడ్. అదే దారి, అదే సమయం, అదే ఏసీ. స్క్రీన్ మీద 24.1 చూపించింది, బంకు దగ్గర కొలిస్తే 22.6. నేను బంకు లెక్కే నమ్ముతాను.

మొదటి రోజు నాకు వింతగా అనిపించింది ట్రాఫిక్‌లో నిశ్శబ్దం. కంచరపాలెం నుంచి ఎన్ఏడీ దాకా పాకుతూ పోయే చోట ఇంజిన్ దాదాపు లేవనే లేదు. నా బండికి అదే అన్నిటికన్నా చెడ్డ చోటు, దీనికి అన్నిటికన్నా మంచి చోటు. ఆనందపురం వైపు ఖాళీ హైవే మీద తొంభైలో పోతే మాత్రం 20 దగ్గరే ఆగింది, నా బండి అక్కడ 18 దాకా ఇస్తుంది. ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్లు ఈ సంగతి గట్టిగా ఆలోచించుకోవాలి. హైబ్రిడ్ డబ్బు తిరిగి ఇచ్చేది ఊళ్లోనే.

బ్రేకు విషయం కూడా నేర్చుకున్నాను. మెల్లగా, ముందు నుంచే పెడల్ నొక్కితే స్క్రీన్ మీద బాణం చక్రాల నుంచి బ్యాటరీ వైపు తిరుగుతుంది. గట్టిగా కొడితే మామూలు బ్రేకులే పట్టుకుంటాయి, ఆ శక్తి పోయినట్టే. దాచుకున్నదంతా కూడా తిరిగి రాదు, మోటారులో, బ్యాటరీలో కొంత వేడిగా పోతుంది. అంటే పాత బండితో నేర్చుకున్న నడకే ఇక్కడా పనికొచ్చింది. అసలు బ్రేకు అవసరం లేకుండా పోవడం మొదటి మేలు, తప్పనప్పుడు మెల్లగా వేయడం రెండో మేలు. వాడి స్క్రీన్ మీద పాత సగటు చూశాను, 19.3. అదే కారు! వాడు మనిషి మంచివాడు, కాలు కొంచెం దూకుడు.

వాన పడిన మర్నాడు పొద్దున్న డిస్కుల మీద తుప్పు గీరుకున్న శబ్దం వచ్చింది. మోటారే ఎక్కువ ఆపుతుంది కాబట్టి డిస్కులకు పని తక్కువ, మన ఉప్పుగాలికి అవి తొందరగా తుప్పు పడతాయి. రోజుకు ఒకసారి ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు గట్టి బ్రేకు ఒకటి వేస్తే శుభ్రమవుతాయి.

ఆదివారం అరకు వెళ్లాం, నాన్నతో కలిపి నలుగురం. నాన్న ముందు సీట్లో కూర్చుని స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పలేదు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. మనుషులతో కలిపి పదహారు వందల కిలోల బండి అంత ఎత్తు నుంచి దిగితే కిందికి వచ్చే శక్తి దాదాపు 3.9 యూనిట్లు. బ్యాటరీ? ముప్పావు యూనిట్. అందులోనూ పూర్తిగా నింపనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు, ఎక్కువ కాలం మన్నడానికి మధ్యలోనే వాడుకుంటుంది. అనంతగిరి దాటి దిగుతుంటే కొన్ని నిమిషాలకే నిండిపోయింది. ఆ తర్వాత ఇంజిన్ గట్టిగా గొంతు పెంచింది. పాపం కంగారుపడి మా వాడు "అమ్మా, ఏమైంది?" అన్నాడు. ఏమీ కాలేదు, బ్యాటరీలో చోటు లేక బండి ఇంజిన్‌ను ఊరికే తిప్పి, పెట్రోలు పోయకుండా, దాని బిగువుతో వేగం ఆపుతోంది. లివరును బి దగ్గర పెడితే ఆ పట్టు ఇంకా బాగుంది. నాన్న నవ్వి, "నిండాక ఇదీ మా గ్రిడ్లలాంటిదే అయిపోయిందమ్మా" అన్నారు.

సెప్టెంబర్ 14, ఆదివారం

నాన్న అడిగారని ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కు వెళ్లాం. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూసిందే. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన డీజిల్ ఎలక్ట్రిక్ సబ్‌మెరైన్. నీటి పైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజిన్లు బ్యాటరీలు నింపుతాయి, లోపలికి మునిగాక గాలి దొరకదు కాబట్టి ఇంజిన్లు ఆపేసి బ్యాటరీతో మోటార్లు తిరుగుతాయి. మా వాడికి ఇంజిన్ గదిలో నిలబెట్టి నాన్నే చెప్పారు. మామయ్య కారుకు, దీనికి బంధుత్వం ఉందని వాడికి అప్పుడు అర్థమైంది. టొయోటా ప్రియస్ 1997 డిసెంబరులో జపాన్‌లో వచ్చిందని నేను వాడికి చెప్పబోతే, "అంటే తాతయ్య వాళ్ల ఇంజిన్లే ముందు" అన్నాడు. నాన్న ముఖం చూడాల్సింది.

సెప్టెంబర్ 28

కొనాలా వద్దా అనే లెక్క. నెలకు పన్నెండు వందల కిలోమీటర్లకు:

మొదట్లో 13.6 దగ్గర 88 లీటర్లు. రిపేరు, నడక మార్చాక 17 దగ్గర 70.6 లీటర్లు. హైబ్రిడ్ అయితే 22.6 దగ్గర 53 లీటర్లు.

ఈ మూడు అంకెలు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. గాలి గేజ్, ఒక కేబుల్, కాలి అలవాటు కలిసి నెలకు పదిహేడున్నర లీటర్లు మిగిల్చాయి. దాని పైన కొత్త హైబ్రిడ్ మిగిల్చేది ఇంకో పదిహేడున్నర. రూపాయల్లో నెలకు పంతొమ్మిది వందలు, ఏడాదికి కార్బన్ డయాక్సైడ్‌లో 480 కిలోలు. కొత్త కారు తయారీలోనే టన్నుల కొద్దీ వెలువడుతుంది. నడుస్తున్న బండిని పక్కన పెట్టి కొత్తది కొంటే, ఆ బాకీ తీరడానికే ఏళ్లు పడుతుంది.

22వ తేదీ నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న చిన్న పెట్రోలు కార్లకు 18 శాతం. నేను చూస్తున్న స్ట్రాంగ్ హైబ్రిడ్లు అంతకన్నా పెద్దవి కాబట్టి వాటికి 43 నుంచి 40కి దిగింది. ఎలక్ట్రిక్‌కు 5 శాతమే.

మరి ఎలక్ట్రిక్ ఎందుకు కాదు అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చార్జింగ్ పాయింట్‌కు అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు, అది ఒక కారణం. రెండోది, మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. వంద కిలోమీటర్లకు చార్జింగ్‌లో పోయేదానితో కలిపి పదహారు యూనిట్లు అనుకుంటే పదకొండు కిలోలు. హైబ్రిడ్ వందకు 4.4 లీటర్లు, పది కిలోలు, పెట్రోలు శుద్ధికీ రవాణాకీ అయ్యేది కలిపితే ఇంకొంచెం పైకి. ఈ రోజుకు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కానీ పెట్రోలు ఎప్పటికీ అంతే కాలుతుంది, కరెంటు మాత్రం ఏటేటా శుభ్రపడగలదు. పరవాడలో బొగ్గుతో నడిచే 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం జలాశయం మీదే 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ పలకలు పెట్టారు. చిన్నదే, దారి మాత్రం అటే. ఇంటి మీద సోలార్ ఉన్నవాళ్లకు ఎలక్ట్రిక్ ఈ రోజే మేలు.

నా నిర్ణయం: ఈ బండి రిజిస్ట్రేషన్ 2029 దాకా ఉంది. అప్పటిదాకా దీన్నే బాగా చూసుకుంటాను. అప్పుడు కొనేది ఎలక్ట్రిక్. అసోసియేషన్ మీటింగ్‌లో పార్కింగ్ పాయింట్ సంగతి ఈసారి నేనే లేవనెత్తుతాను. మా తమ్ముడిలా కొత్త కారు ఎలాగూ కొనాల్సిన వాళ్లు, ఊళ్లో ఎక్కువ తిరిగేవాళ్లు, చార్జింగ్ కుదరనివాళ్లు స్ట్రాంగ్ హైబ్రిడ్ నిస్సందేహంగా తీసుకోవచ్చు.

అక్టోబర్ 12

యండాడ సహోద్యోగికి కూడా కారు ఉంది. ఆవిడ మధ్య మధ్య తన కారు తీసేవారు, మధ్య మధ్య నాతో వచ్చేవారు. ఈ నెల నుంచి పద్ధతి పెట్టుకున్నాం, ఒక వారం నా బండి, ఒక వారం ఆవిడది. ఇసుకతోట దగ్గర ఇంకొకాయన స్కూటర్ మానేసి ఎక్కుతున్నారు. పెట్రోలు ఖర్చు ముగ్గురికీ సమానం. దీంతో నా బండి ఆఫీసుకు తాగే పెట్రోలు నెలకు 70 లీటర్ల నుంచి 35కు వచ్చింది. హైబ్రిడ్ తెచ్చే మిగులుకు సరిగ్గా రెండింతలు, ఒక్క పైసా పెట్టుబడి లేకుండా. మూడు నెలల కిందటే ఈ మాట అనుకుని ఉండాల్సింది, గీతలు గీస్తూ పక్క సీట్లో ఆవిడ కూర్చునే ఉన్నారు.

ఇబ్బంది లేదని కాదు. సాయంత్రం ఒకరికి ఆలస్యమైతే ముగ్గురికీ ఆలస్యం. పది నిమిషాలు చూసి బయల్దేరిపోవాలి, మిగిలినవాళ్లు బస్సులో రావాలి అని మాట అనుకున్నాం, ఇప్పటికి రెండు సార్లు నేనే బస్సులో వచ్చాను.

నలుగురు ఎక్కే రోజు వెనక టైర్లలో కాగితం మీద రాసిన లోడు లెక్క ప్రకారం గాలి పెంచాలి, అది ఈ వారమే గమనించాను. పోయిన ట్యాంకు 16.5, బరువు పెరిగింది కాబట్టి ఆమాత్రం తగ్గుతుంది. నిన్న సాయంత్రం నాన్న మళ్లీ చెయ్యి పెట్టి చూశారు, ఈసారి కుడి వెనకది కొంచెం వెచ్చగా ఉందట. కొత్త కేబుల్ తెచ్చి పెట్టాను. వచ్చే ఆదివారం ఆ వైపు డ్రమ్ము విప్పాలి.